ఉల్లిపాయ దగ్గర

వుల్వర్‌హాంప్టన్‌లో బస్ స్టేషన్ వెనక సందులో
ఒక ఛారిటీ షాపు.
కౌంటర్ దగ్గర మారీన్, కళ్ళజోడు జుట్టులోకి తోసుకుని
కప్పులకీ గొడుగులకీ ధరల చీటీలు అతికిస్తూ ఉంటుంది.
వంట పుస్తకాలు కింది అరలో,
ముక్కలు తక్కువైన పజిల్ డబ్బాల పక్కన.
ఏదైనా యాభై పెన్నీలు.

శనివారం డ్యూటీ దిగి, యూనిఫాంతోనే
ఆ అర ముందు మోకాళ్ళ మీద కూర్చుంటాను.
నాదొక పరీక్ష ఉంది.
బొమ్మలు చూడను. అట్ట మీద నవ్వే మనిషిని చూడను.
"అరగంటలో భోజనం" అన్న మాట అసలే నమ్మను.
పదిహేనేళ్ళుగా టైం టేబుల్ పెట్టుకుని బస్సు నడిపేవాణ్ణి,
కాగితం మీది నిమిషం వేరు,
వానలో రింగ్ రోడ్డు మీది నిమిషం వేరు.

నేరుగా ఉల్లిపాయ దగ్గరికి వెళతాను.
"బంగారు రంగు వచ్చేదాకా, ఐదు నిమిషాలు"
అని ఉంటే మూసేస్తాను.
ఐదు నిమిషాల్లో ఉల్లిపాయకి చెమట పడుతుంది, అంతే.
ఇక్కడ అబద్ధమాడినవాడు
మాంసం దగ్గర నిజం చెబుతాడా?

ఒక పుస్తకం నాలుగు రకాల నూనెలు అడిగింది.
ఒకటి, ముందురోజు రాత్రే నానబెట్టమంది.
ముందురోజు మాత్రం పండగా తల్లీ, అదీ పనిరోజే కదా!
ఒకదాంట్లో కొత్తిమీర కాడలు పారేయమని ఉంది.
దాన్ని తలకిందులుగా పెట్టి వచ్చాను.

మాకు కావలసింది పెద్దదేం కాదు.
మంగళ, బుధ, గురు.
ఆ మూడు రాత్రులూ సుహర్షిణికి వార్డులో డ్యూటీ.
ఆమె కోటు తొడుక్కుంటుంటే నేను కోటు విప్పుతుంటాను.
ఇందీవర ఒక బూటు మీదే నిలబడి
"ఇవాళేంటి?" అంటుంది.
పప్పు అంటే ఎడమ కనుబొమ్మ పైకి లేస్తుంది,
టికెట్ లేనివాణ్ణి నేను చూసినట్టే.

ఇంట్లో ఒక తెలుగు వంట పుస్తకం లేకపోలేదు.
సుహర్షిణి పిన్ని పెళ్ళిలో చదివించింది.
ఉప్పు తగినంత. కారం తగినంత. నీళ్ళు తగినన్ని.
అందులో అబద్ధం లేదు, నిజమూ లేదు.
ఆ తగినంత ఎంతో తెలిసినవాడికి
పుస్తకంతో పనేముంది?
కాపురం పెట్టిన మొదటి నెల నా చారు పోసుకుని
సుహర్షిణి సీసాడు మంచినీళ్ళు తాగి
"బాగుంది" అంది.

మొన్న శనివారం దొరికింది.
అట్ట ఊడిపోయింది, రాసినవాళ్ళ పేరు అట్టతోనే పోయింది.
నలభై మూడో పేజీ: ఉల్లిపాయలు, సన్నమంట,
ఇరవై ఐదు నిమిషాలు.
"ఈలోగా ఇంకో పని చూసుకోండి" అని కూడా రాసింది, మహాతల్లి.
పక్కన పెన్సిలుతో ఎవరిదో పొట్టి చేతిరాత:
ముప్పై ఐదు. మా పొయ్యి పాతది.

కాసేపు లేవబుద్ధి కాలేదు.
ఏ వీధిలో ఉండేదో ఆ పాత పొయ్యి.
ఎవరు ఆకలితో పక్కన నిలబడి ఉంటే
ఆ పది నిమిషాలు లెక్కపెట్టారో.

"అది సగం పుస్తకమే నాయనా, ఇరవై చాలు" అంది మారీన్.
యాభై ఇచ్చాను.

ఇవాళ మంగళవారం.
ఉల్లిపాయలు మూడు. ఇందీవర స్టూలెక్కి
గరిటె నాది అంది, ఏడో ఎక్కం చెబుతూ కలిపింది,
ఏడెనిమిదుల దగ్గర ఆగింది, మళ్ళీ మొదలుపెట్టింది.
కిటికీ అద్దానికి ఆవిరి పట్టింది.
ముప్పై ఒకటో నిమిషంలో, నిజంగానే, బంగారం.
పెన్సిలు తెచ్చి మార్జిన్‌లో 31 అని వేసింది,
మూడు కాస్త తిరగబడింది.

ఇప్పుడేం వెయ్యాలి నాన్నా అంటే
పేజీ తిప్పాను.
నలభై నాలుగు తర్వాత యాభై ఒకటి ఉంది.
మధ్యలో కుట్టు దారం.

కుక్కర్లో పొద్దున ఉడికించిన కందిపప్పు ఉంది.
మెల్లగా మూత తీశాను.
కనుబొమ్మ లేచిందో లేదో తెలీదు,
అప్పుడు నేను
ఉప్పు వేస్తున్నాను.